పలుగురాయిలో దాగిన క్రమం

పటికబెల్లం ముక్కను నోట్లో వేసుకునే ముందు ఒక్కసారి వెలుతురుకు పట్టి చూడండి. నున్నని ముఖాలు, తిన్నని అంచులు కనిపిస్తాయి. వాటిని ఎవరూ ఉలితో చెక్కలేదు. పాకంలో ఉన్న పంచదార అణువులు మెల్లగా ఒకదాని పక్కన ఒకటి బారులు తీరడం వల్ల ఆ ఆకారం వచ్చింది. ఇలా క్రమంగా పేరుకొన్న ఘనపదార్థాన్నే స్ఫటికం అంటాం. మన 'పటిక' అనే మాట కూడా ఆ 'స్ఫటికం' నుంచి వచ్చిందే.

చేల గట్ల మీద, ఏటి ఒడ్డున, కంకర కుప్పల్లో తెల్లగా మెరిసే పలుగురాయి మీకు కొత్త కాదు. దీనినే క్వార్ట్జ్ అంటారు. సిలికాన్, ఆక్సిజన్ కలిసిన సిలికా ఇది. చోటు దొరికినచోట ఆరు పలకల స్తంభంలా, కొన మొనదేలి పెరుగుతుంది. స్వచ్ఛమైనది నీళ్ళలా తేటగా ఉంటుంది. లోపల సన్నని బుడగలు నిండితే పాలలా తెల్లబడుతుంది. కొద్దిపాటి ఇనుము చేరి, సహజ వికిరణం సోకితే ఊదారంగు వస్తుంది. అదే అమెథిస్టు.

ప్రాచీన గ్రీకులు స్ఫటికాన్ని ఎన్నటికీ కరగకుండా గడ్డకట్టిన మంచు అనుకున్నారు. ఇంగ్లీషు 'క్రిస్టల్' అనే మాటకు మూలం మంచు అనే అర్థమున్న గ్రీకు పదమే. మన పెద్దలు స్ఫటికమాల చలవ చేస్తుందంటారు. తాకి చూడండి, గాజు పూస కంటే చల్లగానే తోస్తుంది. కారణమేమిటి? క్వార్ట్జ్ గాజు కంటే త్వరగా మన వేలి వేడిని లాక్కుంటుంది. కాసేపు మెడలో ఉంటే అదీ ఒంటి వేడికి వస్తుంది. జబ్బులు నయం చేసే శక్తి దానికున్నట్లు ఏ పరీక్షలోనూ తేలలేదు.

దాని అసలు మహిమ లోపలి క్రమంలో ఉంది. 1669లో నికొలాస్ స్టెనో అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఒక విషయం గమనించాడు. క్వార్ట్జ్ స్ఫటికం లావుదైనా, సన్ననిదైనా, వంకరగా పెరిగినా, సాటి ముఖాల మధ్య కోణాలు మారవు. స్తంభపు పక్కపక్క పలకల మధ్య కోణం ఎప్పుడూ 120 డిగ్రీలే. పరమాణువులు కంటికి కనబడని ఆ రోజుల్లోనే రాయి లోపల ఒక క్రమముందని ఈ కొలత సూచించింది.

టూర్మలీన్ కథ ఇంకా చిత్రమైనది. 18వ శతాబ్దం తొలినాళ్ళలో డచ్చి వర్తకులు సింహళం నుంచి ఈ రాళ్ళను యూరపుకు తీసుకుపోయారు. దాని పేరు కూడా సింహళ భాషదే. వేడి చేసిన రాయి బూడిదను తనవైపు లాక్కోవడం చూసి దానికి 'బూడిద లాగేది' అని పేరు పెట్టారు. అది మంత్రం కాదనీ, వేడెక్కినప్పుడు రాయి రెండు కొనల్లో వ్యతిరేక విద్యుదావేశాలు పుడుతున్నాయనీ 1756లో ఎపినస్ చూపించాడు.

వేడికి విద్యుత్తు పుడితే ఒత్తిడికి పుట్టదా? మేరీ క్యూరీని మీరెరుగుదురు గదా! తరువాత ఆమె భర్త అయిన పియరీ, అతని అన్న జాక్ 1880లో క్వార్ట్జ్, టూర్మలీన్ మొదలైన స్ఫటికాలను నొక్కి విద్యుత్తు పుట్టించారు. దీనిని పీడన విద్యుత్తు అంటారు. దీనికి విలోమం కూడా నిజమే. విద్యుత్తు ఇస్తే స్ఫటికం కంపిస్తుంది. మీ గోడ గడియారం మీద 'క్వార్ట్జ్' అని రాసి ఉందేమో చూడండి. అందులోని చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్యను వరుసగా 15 సార్లు సగం చేయండి. ఎంత వచ్చింది? ఒకటి! గడియారంలోని వలయం చేసే పని ఇదే. అలా సెకనుకొక 'టిక్' వస్తుంది. అయితే ఈ స్ఫటికాలు ఇప్పుడు గనుల నుంచి రావు. కర్మాగారాల్లో అధిక పీడనం కింద, వేడినీటిలో పెంచుతారు.

ఇక మీరూ సేకరించవచ్చు. తెల్లరాయి దొరికితే పనికిరాని సీసా ముక్కపై గీయండి. క్వార్ట్జ్ కాఠిన్యం 7, కనుక గాజుపై గీత పడుతుంది. దానిలాగే కనిపించే కాల్సైటు కాఠిన్యం 3 మాత్రమే, గాజును గీయలేదు. గూడూరు ప్రాంతపు అభ్రకం గనులున్న శిలల్లో నల్లని టూర్మలీన్ కూడా ఉంటుంది. పొడవునా సన్నని గీతలు, అడ్డంగా చూస్తే ఉబ్బిన పక్కల త్రిభుజం దాని గుర్తులు.

ఒక ప్రయోగం కూడా చేయండి. చీకటి గదిలో, గిన్నెడు నీళ్ళలో ముంచి రెండు పలుగురాళ్ళను గట్టిగా రుద్దండి. క్షణకాలం పసుపుపచ్చని వెలుగు కనిపిస్తుంది. అది నిప్పు కాదనడానికి నీళ్ళే సాక్ష్యం.

నీళ్ళలోనే ఎందుకు రుద్దమంటున్నాను? పలుగురాయి దుమ్ము ప్రమాదకరం. రాతి క్వారీలలో, పలుగుపొడి మిల్లులలో ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఈ జబ్బును సిలికోసిస్ అంటారు. దీనిని పూర్తిగా నయం చేసే మందు లేదు. రాకుండా చూడడమొక్కటే మార్గం. అందుచేత రాళ్ళను పొడిగా నూరకండి, సుత్తితో పగలగొట్టకండి. పాడుబడిన గనిగుంటల్లోకి దిగకండి. చేనుగల వారిని అడిగే రాయి తీసుకోండి.

దొరికిన ప్రతి రాయినీ కడిగి, ఖాళీ అగ్గిపెట్టెలో ఉంచి, చీటీ అంటించండి. ఏ ఊరు, ఏ తేదీ, ఏటిలోనా, చేనులోనా, చుట్టూ ఏ రాళ్ళున్నాయి, ఇవన్నీ రాయాలి. చీటీ లేని రాయి అలంకారానికే గాని అధ్యయనానికి పనికిరాదు సుమా! ఈ సెలవుల్లో పది అగ్గిపెట్టెలు నింపి, బడి తెరవగానే మీ సైన్సు మాస్టారికి చూపండి. వాటిలో ఎన్ని గాజును గీశాయో ముందే రాసిపెట్టుకోండి.