సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ: మీటరు మీద కనిపించని అంకెలు

తిరుమల ఘాట్ రోడ్డు మీద రెండు అంకెలు డ్రైవర్లందరికీ తెలిసినవే. ఎక్కడానికి 28 నిమిషాలకు తగ్గకూడదు, దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదు. 1944లో తెరిచిన మొదటి దారి ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండో దారి ఎక్కడానికి. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు. 40 నిమిషాల్లో దిగాలంటే గంటకు 28 కిలోమీటర్ల సగటు. విశాలమైన రోడ్లకు అలవాటుపడ్డవాళ్ళు ఈ వేగం చూసి విసుక్కుంటారు గానీ, సెకండ్ హ్యాండ్‌లో ఎస్‌యూవీ కొన్నవాళ్ళు మెయింటెనెన్స్ లెక్కను ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు. మన వైపు బండి ఇంటికొచ్చిన వారంలోనే అలిపిరిలో పూజ చేయించి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కొండకు పోవడం ఆనవాయితీ. అంటే పాత బండికి కొత్త ఓనరు పెట్టే మొదటి పరీక్షే అన్నిటికన్నా కఠినమైనది.

ఎంత కఠినమో లెక్క వేద్దాం. బండి బరువు 1,900 కిలోలు, మనుషులు, సామాను 400 కిలోలు అనుకుంటే మొత్తం 2,300. తిరుపతికీ తిరుమలకీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 1.58 కోట్ల జౌళ్ళు. కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే 4.4 యూనిట్లు. ఆ వేడితో 50 లీటర్లకు పైగా నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచవచ్చు. టైర్ల రాపిడి, ఎదురుగాలి కలిసి మూడో వంతు మింగేస్తాయనుకున్నా మిగతాది ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. రెండో గేరులో దిగితే చాలా భాగం ఇంజన్ భరిస్తుంది. న్యూట్రల్‌లో దిగితే మొత్తం బ్రేకుల నెత్తినే పడుతుంది. న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుందనేది పాత నమ్మకం. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఆగిపోకుండా తిరగడానికి కొంత తాగుతూనే ఉంటాయి. ఇక ఏకంగా ఇంజన్ ఆపేసి దిగే మహానుభావులు ఉన్నారు. వాళ్ళ బ్రేకు బూస్టరులో నిలవ ఉండే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళకే సరి, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

అందుకే కొన్న బండికి మొదట మార్చాల్సింది బ్రేక్ ఆయిల్. ఇంజన్ ఆయిల్‌ది దీని తర్వాతి స్థానం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి తిరిగినా, షెడ్డులో కవరు కప్పుకుని పడుకున్నా పీలుస్తూనే ఉంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఘాట్ దిగేటప్పుడు డిస్కుల వేడి క్యాలిపర్‌లోకి పాకుతుంది. లోపలి ఆయిల్ ఒక్క చుక్క మరిగినా ఆవిరి బుడగ పుడుతుంది. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, ఆవిరిని నొక్కితే కుదించుకుపోతుంది. పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

బానెట్ ఎత్తి, డ్రైవరు వైపు ఉండే చిన్న తెల్లటి డబ్బాను చూడండి. కొత్త ఆయిల్ లేత పసుపులో, అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. పాతది ఫిల్టరు కాఫీ డికాక్షన్ రంగులోకి తిరుగుతుంది. రంగు ఒక్కటే సాక్ష్యం కాదు, తేటగా ఉన్నా తేమ ఉండొచ్చు. పెన్ను లాంటి టెస్టరు చాలా షెడ్డుల్లో ఉంది, అడిగి ముంచి చూపించమనండి. పాత ఓనరు ఎప్పుడు మార్చాడో తెలియకపోతే ఎప్పుడూ మార్చలేదనే లెక్క. డబ్బాలోది తీసి కొత్తది పోస్తే మార్చినట్టు కాదు. నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్ చేసి పైపుల్లోని పాతదంతా బయటికి తోసేయాలి. ఒక లీటరు ఆయిల్ సరిపోతుంది, కూలీతో కలిపినా కొత్త సీటు కవర్ల ఖర్చుకు దరిదాపుల్లో ఉండదు. ఆ తర్వాత రెండేళ్ళకోసారి.

చక్రాలు విప్పారు కాబట్టి ప్యాడ్‌లూ చూడండి. కొత్తవి 10, 12 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, 3కు దగ్గరైతే మార్చాల్సిందే. మొదటిసారి కొండ దిగాక బండి ఆపి, నాలుగు చక్రాల దగ్గరికీ అరచేయి తీసుకెళ్ళండి, తాకొద్దు. ముందు రెండూ సమానంగా సెగలు కక్కితే మామూలే. ఒకవైపే మరీ వేడిగా ఉంటే ఆ క్యాలిపర్ బిగుసుకుంది. డిస్కు మీద నీళ్ళు కుమ్మరించకండి, వంకర తిరుగుతుంది. ఘాట్ అంటే తిరుమల ఒక్కటే కాదు. బెంగళూరు దారిలో మొగిలి, మదనపల్లె దారిలో భాకరాపేట కూడా ఇవే బ్రేకుల్ని అడుగుతాయి.

ఎక్కేటప్పుడు పరీక్ష బ్రేకులకు కాదు, రేడియేటరుకు. నిండు బరువు, చిన్న గేరు, ఏసీ ఆన్‌లో, ఎదురుగాలి తక్కువ. మామూలు నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి. నీళ్ళు, కూలెంట్ సగం సగం కలిపితే 107 దాకా ఆగుతాయి. రేడియేటరు మూత సరిగా ఒత్తిడిని పట్టి ఉంచితే అది దాదాపు 125కు చేరుతుంది. ఇంత తేడా తెచ్చేది ఆ చిన్న మూతే అయినా దాన్ని మార్చే నాథుడు లేడు. కూలెంట్ తగ్గినప్పుడు షెడ్డులో వినిపించే మాట ఒకటుంది: “నీళ్ళు పోస్తే సాల్లేన్నా!” దారిలో ఆగిపోతే నీళ్ళు పోసి ఇంటికి చేరడం వేరు, బోరు నీళ్ళతోనే ఏళ్ళ తరబడి నడపడం వేరు. మన బోర్ల నీళ్ళలోని ఉప్పు కాఫీ గిన్నె అడుగున ఎట్లా గారకడుతుందో ఇంట్లో అడిగితే చెప్తారు. రేడియేటరు గొట్టాలు అంతకన్నా సన్నం. డిస్టిల్డ్ వాటరుతో కడిగించి, మాన్యువల్‌లో రాసిన రకం కూలెంటే పోయించండి. గొట్టాలను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూసి, పగుళ్ళుంటే మార్పించండి.

ఇక తేదీలు. టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ఒప్పుకోదు. తగ్గకపోయినా వయసు వదలదు. ఐదేళ్ళు దాటితే ఏటా నిపుణుడికి చూపించడం, పదేళ్ళకు గాడి ఎంతున్నా పారేయడం టైరు కంపెనీలే చెప్పే మాట. అందరూ మరిచేది స్టెప్నీ. బండి కింద వేలాడుతూ కొత్తగా మెరుస్తుంటుంది గానీ అంకె చూస్తే బండితో పాటు పుట్టినదే అయివుంటుంది.

బ్యాటరీకీ అంతే. రాత్రంతా ఆగిన బండిలో పొద్దున్నే మీటరు పెడితే 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. లేకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఆల్టర్నేటరుది. వేడి పెరిగే ప్రతి 10 డిగ్రీలకూ లోపలి రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది కాబట్టి మన ఎండల్లో బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, చినపాండూరులో 2020 నుంచి అపోలో టైర్లు, శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు బండ్లు తయారవుతున్న తిరుపతి జిల్లాలో ఉండి కూడా కొనేముందు వీటి మీది తేదీ చదివేవాళ్ళు తక్కువే.

తేదీ చదవనివాళ్ళం చదివేది మీటరు. “సింగిల్ ఓనరన్నా, డాక్టరు బండి, అరవై వేలే తిరిగిండేది!” అంటాడు బ్రోకరు. లెక్క చూడండి. తిరుపతి నుంచి చెన్నైకి పోనూ రానూ దాదాపు 270 కిలోమీటర్లు. యాత్రికుల్ని తిప్పే బండి వారానికి మూడుసార్లు పోయొస్తే ఏడాదికి 42 వేలు దాటుతుంది. ఆరేళ్ళ బండి అరవై వేలే చూపిస్తుంటే అది నిజంగా డాక్టరుదైనా కావాలి, మీటరు వెనక్కి తిరిగినదైనా కావాలి. క్లచ్ పెడల్ మీది రబ్బరు గీతలు అరిగిపోయి, స్టీరింగు నున్నబడి ఉంటే ఆ అంకెను నమ్మకండి. ఛాసిస్ నంబరు ఇచ్చి షోరూం సర్వీసు రికార్డు అడగండి. నంబరు ప్లేటు కూడా కొంత చెప్తుంది: 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరస వచ్చింది, కాబట్టి ఏపీ 03 ఉంటే అది అంతకుముందు చిత్తూరు జిల్లాలో రిజిస్టరైన బండి.

ఈ అనుమానం అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది టైమింగ్ బెల్ట్ విషయంలో. దాన్ని మార్చే గడువు ఇంజన్‌ను బట్టి మాన్యువల్‌లో కిలోమీటర్లలోనూ ఏళ్ళలోనూ రాసి ఉంటుంది. తెగితే వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుని ఇంజన్ విప్పాల్సి వస్తుంది. డస్టర్ డీజిల్‌లో బెల్ట్ ఉంటుంది. స్కార్పియో, ఎక్స్‌యూవీ 500ల ఎంహాక్ ఇంజన్లో, పాత బ్రెజా డీజిల్లో చైన్ ఉంటుంది. బెల్ట్ బండి కొని, మార్చిన బిల్లు దొరకకపోతే మీటరుతో సంబంధం లేకుండా మార్చేయండి. టెన్షనరు, వాటర్ పంపు అదే విప్పుడులో అయిపోతాయి.

మిగతావి క్లుప్తంగా. ఇంజన్ ఆయిల్, దాని ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు ఒకేసారి మార్చి, ఆ రోజు నుంచి మీ సొంత లెక్క రాసుకోండి. గేరుబాక్సు ఆయిల్, బొలెరో, స్కార్పియోల్లాంటి వెనక చక్రాల బండ్లలో యాక్సిల్ హౌసింగ్ ఆయిల్ ఎవరూ ముట్టుకోరు, మీరు ముట్టుకోండి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 డీజిల్ బండి అయితే మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. దానికి బూడిద తక్కువగా వదిలే ఆయిలే వాడాలి, ఊళ్ళో తిప్పడమే కాకుండా అప్పుడప్పుడూ హైవే మీద అరగంట ఒకే వేగంతో నడపాలి.

చెన్నై నుంచి వచ్చిన బండికి ఒక పరీక్ష ఎక్కువ. 2015 డిసెంబరు, 2023 డిసెంబరు వరదల్లో అక్కడ వేల బండ్లు మునిగాయి. 2021 నవంబరులో మన తిరుపతీ మునిగింది. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. కడిగేవాడు సీట్లు కడుగుతాడు, డ్యాష్‌బోర్డు తుడుస్తాడు గానీ చుట్టలో దాగిన బెల్టు చివరను మరిచిపోతాడు. అక్కడ బురద గీత ఉంటే బేరం ఆపేయండి.

డబ్బు సంగతికొస్తే, ఆరు లక్షల బండి కొనేవాళ్ళు యాభై, అరవై వేలు పక్కన పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం. బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఇంజన్ ఆయిల్ మొదటి వారంలో. తేదీ దాటిన టైర్లు, బ్యాటరీ, బుష్‌లు, అలైన్‌మెంటు మొదటి నెలలో. అల్లాయ్ చక్రాలు, ఫాగ్ లైట్లు ఎప్పుడైనా.

కాగితాలకూ గడువులున్నాయి. రాష్ట్రంలోని బండి అమ్మితే ఓనరు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. బయటి రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి. ఇన్సూరెన్సును 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. మార్చకపోతే సొంత బండికి జరిగిన నష్టానికి కంపెనీ చేతులెత్తేయొచ్చు. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుతోనే పోతుంది, ఆ తేడా కట్టమంటే ఆశ్చర్యపోకండి. చివరిగా అద్దం మీది ఫాస్టాగ్. అది అమ్మినాయన ఖాతాది. తన డబ్బు తెగుతోందని ఆయన దాన్ని ఆపేస్తే, 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేసిన అలిపిరి గేటు దగ్గర వెనక బండ్ల హారన్ల మధ్య నిలబడాల్సింది మీరే. పాతది పీకేసి, మీ పేరుతో కొత్తది అతికించుకున్నాకే బయల్దేరండి.