వీరుల పగయు గాయపడినవారి మాటయు



మా ఆర్మూరు ప్రాంతమున మాఘ ఫాల్గుణములు వచ్చినచో ఇంటిల్లిపాదికిని పసుపు పనియే. త్రవ్వుట, ఉడుకబెట్టుట, కళ్ళములో ఎండబోయుట, కొమ్ములు నునుపెక్కువరకు డ్రమ్ములో త్రిప్పుట. ఈ నడుమ మార్కెట్టులో ధర యేమి పలుకునో యను చింత. అట్టి దినములలో ఒకనాడు కళ్ళము కావలికి నాతోకూడ వచ్చిన మనుమడు ఒక బొమ్మల కథల పుస్తకము చదువుచుండెను. ముసుగు వేసికొన్న మనిషి యొకడు మేడకొనపై నిలిచి చీకటిలోనికి చూచుచున్నట్లు అట్టపై బొమ్మ.

"వీడెవడురా?" అని యడిగితిని.

"తాతా, చిన్నగున్నప్పుడు ఈయన కండ్ల ముంగటనే అమ్మను, బాపును ఒక దొంగ చంపిండు. అందుకే పెద్దయినంక దొంగలందరి పని పడుతుండు" అని చెప్పెను.

"అయితే మన పరశురాముని వంటివాడన్నమాట" అంటిని.

వాడు కొంచెము ఆలోచించి, "మరి పరశురాముని అమ్మ ఏమన్నది తాతా?" అని యడిగెను. నాకు వెంటనే బదులు తోచలేదు. ఆ ప్రశ్నకు నేను వెదకికొన్న బదులే నేటి నా ప్రసంగము.

ముందుగా ఈ బొమ్మల కథలెట్టివో కొంచెము చెప్పవలెను. ఇవి అమెరికా దేశమున పెరిగి ప్రపంచమంతట వ్యాపించినవి. పుటను గళ్ళుగా విభజించి, గడికొక బొమ్మ వేసి, మాటలాడువాని నోటికడ బుడగవంటి గీత గీసి అందులో మాటలు వ్రాయుదురు. చేర్యాల నకాషీ పటమును విప్పి చూపుచు కథ చెప్పువారిని ఎరిగిన మనకు ఈ పద్ధతి బొత్తిగా క్రొత్త కాదు. 1938లో సూపర్‌మ్యాన్, 1939లో బ్యాట్‌మ్యాన్, 1962లో స్పైడర్‌మ్యాన్ అను వీరులు వెలసిరి. నా మనుమడు చెప్పినది బ్యాట్‌మ్యాన్ కథ. స్పైడర్‌మ్యాన్ అను యువకుడు తాను పట్టగలిగియుండియు మనకేలయని విడిచిపెట్టిన దొంగయే తన్ను తండ్రివలె పెంచినవానిని చంపెనని తెలిసికొని కుమిలిపోవును. 1974లో వచ్చిన పనిషర్, అనగా శిక్షించువాడు, భార్యాబిడ్డలను దుండగులు కాల్చివేయగా తానే న్యాయమూర్తియు తానే తలారియునై చంపుచు పోవును. ఇప్పుడు ఈ వీరులు చలనచిత్రములలోను, చేతి ఫోనులలోను మన పల్లెలకు వచ్చియున్నారు.

ఈ కథలకు మూస యొక్కటే. మొదట గాయము, పిమ్మట ప్రతిన, ఆపైన ముసుగు, తుదకు శిక్ష. ఇందులో సత్యము లేకపోలేదు. ఒడలి గాయము మానిన తరువాతను మనస్సులోని గాయము మానకుండవచ్చును. నిద్ర పట్టకుండుట, చిన్న చప్పుడైనను ఉలికిపడుట, ఎవ్వరిని నమ్మలేకుండుట, జరిగినదే మరల మరల కన్నులకు కట్టుట దాని లక్షణములు. అమెరికాలోని మనోవైద్యుల సంఘము దీనికి ఒక పేరు పెట్టి తన ప్రమాణ గ్రంథమున చేర్చినది 1980లో మాత్రమే. కథకులు ఆ బాధను అంతకు ముందే గుర్తించిరి. అయితే బాధను గుర్తించుట వేరు. బాధపడినవారి మాట వినుట వేరు.

మన ఎల్లమ్మ కథను తలచుడు. బైండ్లవారు జమిడిక వాయించుచు చెప్పగా రాత్రులు మేలుకొని విన్నవారము మనము. తండ్రి యాజ్ఞ చొప్పున పరశురాముడు తల్లి రేణుక శిరస్సును ఖండించెను. జమదగ్ని మెచ్చి వరము కోరుమనగా, తల్లిని బ్రతికింపుమనియు, తాను చంపబడితినను జ్ఞాపకము ఆమెకు లేకుండ చేయుమనియు అతడు కోరినట్లు భారతమున ఉన్నది. గాయముకంటె గాయపు జ్ఞాపకము దుర్భరమని మన పూర్వులు ఎరుగుదురు. కాని ఆ మరపు కొడుకునకు దొరకలేదు. తరువాత కార్తవీర్యుని కుమారులు జమదగ్నిని చంపగా, అతడు గొడ్డలి పట్టి యిరువదియొక్కమారులు క్షత్రియులపై దండెత్తి, శమంతపంచకమున ఐదు మడుగులను నెత్తుటితో నింపెను. పితృదేవతలు ప్రత్యక్షమై చాలింపుమని చెప్పవలసివచ్చెను.

ఆ యిరువదియొక్క దండయాత్రల కాలమున రేణుక యేమనుకొన్నదో కథలో అడిగినవారు లేరు. నా మనుమడు పట్టుకొన్నది దానినే. అయితే మన పల్లెజనము ఆమెను మరువలేదు. మన సీమలో పరశురామునికి గుడి అరుదు. ఎల్లమ్మకు గుడి లేని ఊరు అరుదు. మనవారు బోనమెత్తినది గొడ్డలి పట్టినవానికి కాదు, దెబ్బతిన్న తల్లికి.

బొమ్మల కథలలోను ఈ లోపమును ఎత్తిచూపినవారు కలరు. 1994లో వచ్చిన ఒక కథయందు శత్రువు వీరుని ప్రియురాలిని చంపి ఫ్రిజ్జులో పెట్టెను. ఆమె చావువలన కథకు కలిగిన ప్రయోజనము వీరునికి కోపము వచ్చుట మాత్రమే. 1999లో గెయిల్ సిమోన్ అను పాఠకురాలు, తరువాత ఆమె పేరుపొందిన రచయిత్రి యయ్యెను, ఇట్లు చంపబడిన, చెరచబడిన, అంగహీనలు చేయబడిన స్త్రీ పాత్రల పట్టికను ప్రకటించెను. అది చాల పొడవైన పట్టిక. 1988లో వెలువడిన 'కిల్లింగ్ జోక్' అను పుస్తకమున బార్బరా గోర్డన్ అను యువతిని జోకరను దుర్మార్గుడు కాల్చగా ఆమెకు నడుము క్రింద చచ్చుబడును. ఆ పుస్తకమున ఆమె బాధ ఆమె తండ్రిని హింసించుటకే పనికివచ్చినది. ఇది నచ్చక కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ అను దంపతులు 1989లో ఆమెను మరల కథలోనికి తెచ్చిరి. చక్రాల కుర్చీలో కూర్చుండియే తన బుద్ధిబలముచేత ఎందరో వీరులకు దారి చూపు 'ఒరాకిల్' గా ఆమెను తీర్చిదిద్దిరి.

2001లో బ్రయన్ మైకేల్ బెండిస్ వ్రాయ మొదలిడిన కథలోని జెస్సికా జోన్స్ మరియొక మెట్టు. మాటతోనే పరుల మనస్సును వశపరచుకొను దుర్మార్గుడొకడు ఆమెను ఎనిమిది మాసములు తన యిచ్చవచ్చినట్లు ఆడించెను. విడుదలయైన పిమ్మట ఆమె వీరవేషము విడిచి, త్రాగుడునకు లోబడి, ముడుచుకొని బ్రతుకును. తప్పు తనది కాదని ఆమెకు తెలియును, తెలిసియు నమ్మలేదు. పుస్తకములో ఆమె తుదకు వాని వశము తప్పించుకొని వానిని మోది పడగొట్టునే కాని చంపదు. 2015లో మొదలైన ధారావాహిక చిత్రమునందు మాత్రము మెడ విరిచి చంపును. చూచువారికి అదియే తృప్తి. కాని తరువాతి భాగమున ఆ చచ్చినవాడే ఆమె కన్నులకు కనబడుచు మాటలాడుచుండును. పగ తీరినది, గాయము తీరలేదు.

ఇక మన దేశపు కథ. 2012 డిసెంబరులో ఢిల్లీ నగరమున బస్సులో ఒక యువతిపై జరిగిన ఘోరము మీకు జ్ఞాపకముండును. ఆ నిరసనల దినములలో అక్కడనుండిన రామ్ దేవినేని అను అమెరికావాసి చలనచిత్రకారుడు ఒక పోలీసు ఉద్యోగిని పలుకరింపగా, మంచి ఆడుపిల్ల రాత్రివేళ ఒంటరిగా తిరుగదను భావముతో అతడు మాటలాడెనట. నేరము చేసినవానిని విడిచి దెబ్బతిన్నదానిని తప్పుపట్టు ఆ మాటయే ఆయనను కలతపెట్టినది. 2014లో ఆయనయు మిత్రులును కలిసి 'ప్రియాస్ శక్తి' అను బొమ్మల కథను ప్రకటించిరి. ప్రియ ఒక పల్లెటూరి పిల్ల. దుర్మార్గులు ఆమెను చెరుతురు. ఇంటివారే ఆమెను వెలివేయుదురు. అడవిలో పులి ఆమెను వెంటాడును. ఆమె పార్వతీదేవి అండతో పులికెదురు నిలిచి, దానినే వాహనముగా చేసికొని ఊరికి మరలివచ్చును. వచ్చి ఎవ్వరి తలయు నరుకదు. సిగ్గుపడక మాటలాడుడని చెప్పును. 2016లో వచ్చిన రెండవ పుస్తకమున ఆమె ఆమ్లదాడికి గురియైన స్త్రీలకు తోడు నిలుచును.

ఇదంతయు కథలమాట యనుకొనకుడు. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి శంషాబాదు దగ్గర ఒక యువ వైద్యురాలిని చెరచి చంపిరి. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున నలుగురు నిందితులును పోలీసుల కాల్పులలో చనిపోయిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. ఆ దినమున నేనును సంతోషించితిని, దాచను. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషను నివేదిక 2022లో వెలువడినది. నిందితులను చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరనియు, వారిలో ముగ్గురు ఆనాటికి పదునెనిమిదేండ్లు నిండనివారనియు అందులో చెప్పబడినది. ఆ నలుగురే దోషులా కారా యని తేల్చు విచారణ ఇక జరుగదు. ఆ తల్లికి నిజము తెలియజెప్పు తీర్పు ఇక రాదు. పనిషర్ పాత్రను సృష్టించినవారిలో నొకడైన జెర్రీ కాన్వే, ఆ పాత్ర యొక్క పుర్రె గుర్తును అమెరికాలో పోలీసులు ధరించుట చూచి 2019లో ఆక్షేపించెను. ఆ పాత్ర న్యాయవ్యవస్థ విఫలమైనదనుటకు గుర్తేగాని న్యాయమును కాపాడువారు ధరింపదగినది కాదని ఆయన యభిప్రాయము.

మరియొక మాట. కథలో దుర్మార్గుడు ఎక్కడనుండియో వచ్చిన రాక్షసుడు. జీవితమున అట్లు కాదు. మన దేశపు నేరముల గణాంకములను చూచినచో అత్యాచారపు కేసులు పదింట తొమ్మిదికి పైగా నిందితుడు ఆమె ఎరిగినవాడే. చుట్టము, పొరుగువాడు, యజమాని, పరిచితుడు. ముసుగు వీరుడు ఈ యింటిలోనికి రాజాలడు. ఇక్కడికి రావలసినవారము మనము. వచ్చి యేమి చేయుచున్నాము?

అనేక సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున జరిగిన పంచాయతికి నన్నును పిలిచిరి. ఊరి పేరు చెప్పను. ఆ పిల్లకు పదునారేండ్లు, లోపలి గదిలోనున్నది. అన్నదమ్ములు కట్టెలు పట్టుకొని పగ యనుచున్నారు. పెద్దలము రాజీ యనుచున్నాము. రెండు జాముల రాత్రికి సొమ్ము లెక్క కుదిరినది. నెత్తురు చిందలేదని గర్వపడుచు ఇల్లు చేరితిని. మా ఇంటిది తలుపు తీసి, విషయము విని, "పిల్లను అడిగిండ్రా?" అనినది. అడుగలేదు. ఏడాది తిరుగకముందే ఆ పిల్లను దూరపు ఊరికి ఇచ్చి పంపిరి. ఆ తరువాత ఏ బతుకమ్మ పండుగకును ఆమె పుట్టింటికి రాలేదని విన్నాను.

పగయు రాజీయు బద్ధశత్రువులవలె కనబడును. కాని రెండింటను మగవారే కూర్చుండి నిర్ణయింతురు; రెండింటను ఆ పిల్ల లోపలి గదిలోనే యుండును. నాటి కట్టెలవారికిని నాకును భేదము నేను తలచినంత లేదు.

కావున పెద్దలైన మనము తెలిసికొనదగిన కొన్ని సంగతులు చెప్పెదను. అత్యాచారము రాజీపడదగిన నేరము కాదని సుప్రీంకోర్టు 2015లో స్పష్టముగా చెప్పినది. పదునెనిమిదేండ్లలోపు పిల్లలపై జరిగిన లైంగిక నేరమును తెలిసినవాడెవ్వడైనను పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము విధించుచున్నది, తెలుపకుండుటయే శిక్షార్హము. ఏ పోలీసు ఠాణాయైనను, ఇది మా పరిధి కాదనక, ఫిర్యాదు తీసికొనవలెను. సర్కారు దవాఖానయే కాదు, ప్రైవేటు దవాఖానయు ఉచితముగా చికిత్స చేయవలెను. ఆమె పేరు బయటపెట్టుట నేరము. స్త్రీలకు 181, పిల్లలకు 1098 అను ఫోను నంబరులును, సఖి కేంద్రములును కలవు. మన ప్రాంతపు గ్రామాభివృద్ధి సంఘములు గుడులను, బడులను బాగుచేసినవి, మంచిదే. కాని జరిమానా వేయుటకును, కుటుంబమును వెలివేయుటకును చట్టము వానికి అధికారమీయలేదు. పుండునకు పసుపు అద్దుటకు ముందు కడుగవలెనని మన అవ్వలెరుగుదురు. సొమ్ము లెక్కతో కప్పిన పుండు లోపల కుళ్ళును.

కడపట పోతన భాగవతములోని ఒక ఘట్టమును జ్ఞాపకము చేసెదను. నిద్రించుచున్న ద్రౌపది కొడుకుల నైదుగురిని అశ్వత్థామ చంపెను. అర్జునుడు వానిని కట్టి తెచ్చి ఆమె ముందర నిలిపెను. భీముడు చంపవలెననెను. కురుసభలో అవమానింపబడి, ఏండ్ల తరబడి పగను మోసిన ఆ ద్రౌపదియే, నావలె వీని తల్లి కృపియు కొడుకుకై ఏడువవలదు, విడువుమనెను. విడువుమనినదని శిక్ష లేకపోలేదు. తల గొరిగి, శిరోమణిని పెరికి, వానిని వెడలగొట్టిరి. ద్రౌపది క్షమించినది గావున దెబ్బతిన్నవారెల్లరు క్షమింపవలెనని నా మాట కాదు. క్షమించుటయో క్షమింపకుండుటయో వారి సొత్తు. అపరాధిని ఆమె ముందరికి తెచ్చిరి. ఆమె మాట విని ఆపైన శిక్షించిరి. నేను గ్రహించినది అంతమాత్రమే.

ఆ రాత్రి కళ్ళము కడ మనుమనికి ఈ కథయే చెప్పితిని. వాడు విని, "ఆమె మాట విన్నరు కదా తాతా" అనెను. తరువాత తన పుస్తకము మరల తెరచెను. మూయుమని నేనును చెప్పలేదు. మీ పిల్లలను కూడ చదువనిండు. అప్పుడప్పుడు ప్రక్కన కూర్చుండి, దెబ్బతిన్నవారు ఏమన్నారని ఒక్క మాట అడుగుడు. పంచాయతికి పిలుపు వచ్చిననాడు, ఇతరుల నోరు తెరువకముందే, అక్కడను ఆ మాటనే అడుగుడు.