బీ-ఫారం

నామినేషన్ల వేళ వార్తల్లో మార్మోగే బీ-ఫారం అంటే, ఫలానా వ్యక్తే తమ అధికారిక అభ్యర్థి అని పార్టీ ఎన్నికల అధికారికి ఇచ్చే పత్రం. దానిపై సంతకం పెట్టే అధికారం ఎవరిదో ఏ-ఫారం చెబుతుంది. సంతకం సిరాతోనే ఉండాలి. రబ్బరు ముద్ర చెల్లదు. అసెంబ్లీ ఎన్నికల్లో నామినేషన్ల చివరిరోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అందకపోతే పార్టీ గుర్తు దక్కదు. ఓటరు ముందుకు ఏ పేరు ఏ గుర్తుతో వస్తుందో తేలేది ఇక్కడే.

అమెరికాలో రిపబ్లికన్ ఆశావహుల్లో పార్టీ అభ్యర్థి ఎవరన్నది ప్రైమరీల్లో ఓట్లే చెబుతాయి. మన దగ్గర, సర్వేల మాట ఎంత వినిపించినా, అది పార్టీ పెద్దల నిర్ణయం. 2020లో తెలంగాణలోని కొల్లాపూర్ మున్సిపల్ ఎన్నికల్లో టీఆర్‌ఎస్ బీ-ఫారాలు దక్కని, ఆ పార్టీ నేత జూపల్లి కృష్ణారావు అనుచరులు ఫార్వర్డ్ బ్లాక్ తరఫున సింహం గుర్తుపై టీఆర్‌ఎస్ కారు గుర్తుతో తలపడ్డారు. సర్పంచ్ ఎన్నికలకు మాత్రం ఈ కాగితంతో పనిలేదు. అవి పార్టీ గుర్తులపై జరగవు.