ఈమెయిలు ద్వారా చిన్న వ్యాపారం

పెర్త్ నగరానికి ఆగ్నేయాన, ఆర్మడేల్ నగరపాలక సంస్థ పరిధిలో హారిస్‌డేల్ ఉన్నది. అక్కడ పచ్చళ్ళు, పిండివంటలు అమ్మదలచే మన సోదరీమణులకు ఈ నాలుగు మాటలు ఉపయోగపడగలవు.

ఈమెయిలులో వ్యాపార ప్రకటనను మొదట గుంపుగా పంపినవాడు అమెరికాలోని గేరీ థ్యూర్క్ అని చెబుతారు. 1978 మే 3న సుమారు 400 మందికి పంపగా, పలువురు కోపగించుకున్నారు. అడగకుండా పంపుటే కారణము.

ఆస్ట్రేలియాలో 2003 నాటి స్పామ్ చట్టం మూడు షరతులు పెట్టింది. అందుకొనేవారి సమ్మతి ఉండాలి. పంపినవారెవరో, వారిని ఎట్లా కలుసుకోవచ్చునో తెలపాలి. వద్దనేవారికి వైదొలగే మార్గం చూపాలి. వారి పేరును 5 పనిదినాలలోగా తీసివేయాలి. కనుక సంఘ సభ్యుల పట్టికను, పెళ్ళి పిలుపుల చిట్టాను ఇందుకు వాడరాదు. చట్టం మాట అటుంచి, మనవారి నమ్మకం పోతే మళ్ళీ రాదు.

మరి ఫలితం పెరిగేదెట్లు? కొన్నవారినే "కబురు పంపమంటారా?" అని అడిగి చిరునామా వ్రాసుకొనండి. ఒక ఉత్తరంలో ఒక్క సంగతే చెప్పండి. "ఉగాదికి బొబ్బట్లు: శుక్రవారంలోగా చెప్పండి" అని శీర్షికలోనే ఉండాలి. ఎందరు తెరచి చూశారన్న లెక్కను నమ్ముకోకండి. 2021లో ఆపిల్ సంస్థ తెచ్చిన మార్పు వలన, చూడని ఉత్తరం కూడ చూసినట్లే లెక్కకు రావచ్చును. వచ్చిన జవాబులు, ఆర్డర్లే అసలు లెక్క.

చెరకుతోటలకు వెళ్ళిన మన పెద్దలకు ఊరినుండి ఉత్తరం వస్తే ఎంత అపురూపమో ఇళ్ళలో విన్నాము. మనం పంపేదీ ఎదురుచూసే ఉత్తరమే కావాలి.