పెన్‌డ్రైవ్‌లో ఫైల్ తీసేసినా జాగా ఎందుకు రాదు?

“పెన్‌డ్రైవ్‌లో ఉన్న సినిమా డిలీట్ చేశాను. లోపల ఏమీ కనిపించడం లేదు. అయినా కొత్తది ఎక్కించబోతే జాగా లేదంటోంది. ఎందుకు?” ఉబుంటు వంటి లినక్స్ కంప్యూటర్ కొత్తగా వాడేవాళ్లకు వచ్చే సందేహం ఇది. న్యాయమైన సందేహమే. ఫైల్ కంటికి కనబడకుండా పోయింది గాని పెన్‌డ్రైవ్‌లోంచి పోలేదు.

డిలీట్ మీట నొక్కితే ఫైల్ ట్రాష్‌లోకి (చెత్తబుట్టలోకి) వెళుతుంది. ఆ బుట్ట కూడా డిస్క్‌లోనే ఉండే మామూలు ఫోల్డర్. పాత బిందెను అటకెక్కిస్తే వంటగదిలో అడ్డు తొలగుతుంది గాని, బిందె ఇంట్లోనే ఉంటుంది కదా!

4 జీబీ సినిమా అయినా రెప్పపాటులో ట్రాష్‌లో పడుతుంది. ఎలాగంటే, డిస్క్ మీద అది ఉన్న చోటి నుంచి అసలు కదలదు. ఏ ఫోల్డర్‌కు చెందిందో చెప్పే నమోదు ఒక్కటే మారుతుంది. పని అంత తేలిగ్గా అవుతున్నది అందుకే, జాగా మిగలనిదీ అందుకే.

మరి ‘రిస్టోర్’ అనగానే ఫైల్ సరిగ్గా పాత చోటికే ఎలా వెళుతుంది? ట్రాష్ ఫోల్డర్‌లో ‘ఫైల్స్’, ‘ఇన్ఫో’ అని రెండు ఫోల్డర్లుంటాయి. మొదటిదానిలో మీరు తీసేసిన ఫైల్ ఉంటుంది. రెండోదానిలో దాని పేరుతోనే, చివర ‘ట్రాష్‌ఇన్ఫో’ అని చేర్చిన చిన్న ఫైల్ ఉంటుంది. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి, మూడే వరుసలు. మొదటిది శీర్షిక, రెండోది ఫైల్ పాత చిరునామా, మూడోది తీసేసిన తేదీ, సమయం. రిస్టోర్ అన్నప్పుడు కంప్యూటర్ చదివేది ఈ రెండో వరుసనే. ఫైల్ పేరు తెలుగులో పెట్టి ఉంటే ఆ వరుస నిండా శాతం గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. ఫైల్ పాడైందని కంగారుపడకండి, అక్కడ పేరు రాసే పద్ధతే అంత. లినక్స్ డెస్క్‌టాప్‌లైన గ్నోమ్, కేడీఈ రెండూ ఈ నియమాలే పాటిస్తాయి కాబట్టి ఒకదానిలో పడేసినది రెండోదానిలోంచి తీసుకోవచ్చు.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. దానిలోని సినిమాను కంప్యూటర్‌లోని ట్రాష్‌కు పంపాలంటే నమోదు మారిస్తే చాలదు, 4 జీబీ మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయాలి. డిలీట్ నొక్కి అంతసేపు ఎవరు కూర్చుంటారు? అందుకని లినక్స్ పెన్‌డ్రైవ్‌లోనే దానికంటూ ఒక బుట్ట పెడుతుంది. ఆ ఫోల్డర్ పేరు చుక్కతో మొదలై, తర్వాత ట్రాష్ అని, చివర ఒక సంఖ్య ఉంటాయి. అది వాడుకరి సంఖ్య. ఉబుంటులో మొదటి వాడుకరికి అది 1000. చుక్కతో మొదలయ్యే పేర్లను లినక్స్ దాచి ఉంచుతుంది. కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కితే బయటపడతాయి. విండోస్‌లో చుక్కకు అలాంటి అర్థం లేదు. అందుకే అదే పెన్‌డ్రైవ్‌ను అక్కడ పెడితే ‘ఇదేమిటీ కొత్త ఫోల్డర్, వైరస్ కాదు కదా’ అని కొందరు భయపడుతుంటారు. వైరస్ కాదు.

జాగా కావాలంటే పెన్‌డ్రైవ్ తగిలించి ఉండగానే ట్రాష్ తెరిచి ఖాళీ చేయాలి. ఊడదీశాక ఖాళీ చేస్తే కంప్యూటర్‌లోని బుట్టే ఖాళీ అవుతుంది.

షిఫ్ట్‌తో కలిపి డిలీట్ నొక్కినా, టెర్మినల్‌లో ఆర్‌ఎమ్ అని కొట్టినా ఫైల్ ట్రాష్‌కు వెళ్లదు, నేరుగా పోతుంది. టెర్మినల్ అలవాటున్నవాళ్లు ఆర్‌ఎమ్ బదులు ‘జీఐఓ ట్రాష్’ వాడితే, పొరపాటున తీసేసినదాన్ని మళ్లీ తెచ్చుకోవచ్చు.

పెన్‌డ్రైవ్‌ను ఇంకొకరి చేతికిచ్చే ముందు మాత్రం ఒకసారి కంట్రోల్, హెచ్ నొక్కి చూసుకోండి. మీరు తీసేశాననుకున్న ఫైల్ దానిలోనే ఉంటే, తీసుకున్నవాళ్లు తెరిచి చూడగలరు.