కథాక్రీడలో పెత్తన మెవరిది?

బల్లచుట్టును గూర్చుండి, పాచికలు వేయుచు, నోటిమాటలతో కథ నడపుకొను ఆటలు కొన్ని గలవు. 1974వ సంవత్సరమున అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ గార్ల పేర వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. ఇందు ఒకరు కథానిర్వాహకులు. తక్కినవా రొక్కొక పాత్రను వహింతురు. కోటలు, రక్కసులు, తీర్పులు నిర్వాహకుని యధీనము. తన పాత్ర యేమి చేయవలెనను నిశ్చయ మొక్కటియే ఆటగాని సొత్తు.

ముందుగా నల్లుకొన్న కథ చెడునను భయముచే, ఆటగాండ్రు ఏ త్రోవ బట్టినను నిర్వాహకుడు వారి నొక్క గుమ్మముకడకే చేర్చెనేని, ఆ చిన్న సొత్తును హరించినవాడగును. పిదప వారు పాచికలు వేయుదురు గాని, ఆలోచించుట మానుదురు. అట్లని కోరినదెల్ల చెల్లనిచ్చినచో, అపాయములేని కథకు రుచి యుండదు.

ఈ తూనిక కుదుర్చుటకు పలువురు యత్నించిరి. 2009లో జేసన్ మార్నింగ్‌స్టార్‌గారు రచించిన ‘ఫియాస్కో’లో నిర్వాహకుడే లేడు. తనవంతు వచ్చినవాడు రంగమును తాను కల్పించినచో, దాని ఫలమును ఇతరులు నిర్ణయింతురు. ఫలమును తా నెంచుకొనగోరినచో, రంగకల్పన ఇతరులది. 2010లో వెలువడిన విన్సెంట్ బేకర్‌గారి ‘అపోకలిప్స్ వరల్డ్’లో నిర్వాహకుడు కలడు గాని, పాచికలు వేయువారు ఆటగాండ్రే, అతడు చేయదగిన పనులును గ్రంథమున నియమింపబడినవి.

పిల్లలచే నిట్టి ఆటలాడించు తల్లులు మూడు సంగతులు మఱువరాదు. కథలో రాగూడని విషయములను అందఱును ముందే యనుకొనవలెను. అపాయమును ముందు దెలిపి, పిదప నిర్ణయమును వారికి విడువవలెను. తన నిర్ణయముచే నోడిన బిడ్డ మఱల నాటకు వచ్చును, ఓడింపబడిన బిడ్డ రాదు. పాచికలు ఎల్లరయెదుట వేయవలెను. శకుని కథ విన్న మనకు దీనిని వేఱుగ జెప్ప బనిలేదు.