రెండు డిస్కులు, ఒకే నంబరు: పాత మాక్‌లో ఇరుక్కుపోయిన పాటలు

పెన్‌డ్రైవ్ గుచ్చగానే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టేస్తుంది. నీ నంబరెంత, నువ్వు వరసలో ఎక్కడున్నావు అని మనల్నేం అడగదు. 1990ల్లో ఇంత సుఖం లేదు. అప్పటి మాక్‌కి ఇంకో హార్డ్ డిస్క్ తగిలించాలంటే దానికి నంబరు మనమే ఇవ్వాలి, వరసలో చివరి డబ్బా ఏదో కూడా మనమే చెప్పాలి. ఈ రెంటిలో ఏది తేడా కొట్టినా మెషిన్ మొరాయించేది. ఆ పద్ధతి పేరు ఎస్‌సిఎస్‌ఐ. అందరూ పలికేది మాత్రం 'స్కజీ' అని.

నాకు దీంతో పని పడటానికి కారణం మా తాతయ్య. ఆయన స్కూలు మాస్టారు. ఊళ్లో ఆడవాళ్లు పాడే నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు ఏళ్ల తరబడి నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు. గుంటూరులో నాన్న స్నేహితుడి ప్రెస్సులో వాటిని పుస్తకంగా కంపోజ్ చేయించారు. పుస్తకం రాలేదు, తాతయ్య పోయారు, నోట్‌బుక్కులు చెదలు తినేశాయి. మిగిలింది ప్రెస్సు అటక మీదున్న 1989 మోడల్ మాకింతోష్ టూ సిఐ, దాని పక్కన విడిగా ఓ డబ్బాలో పెట్టిన హార్డ్ డిస్క్. పాటలు ఆ డబ్బాలోనే ఉన్నాయని ప్రెస్సు బాబాయ్‌కి బాగా గుర్తు.

"అమ్మాయ్, అది తగిలిస్తే మెషిన్ లేవదమ్మా. తీసేస్తే లేస్తుంది. అందుకే అటకెక్కించాం" అన్నాడు.

నిజంగానే అంతే. డబ్బా తగిలిస్తే స్క్రీన్ అలా బిగుసుకుపోయేది. ఒకసారైతే ప్రశ్నార్థకం గుర్తు ఆరుతూ వెలుగుతూ కూర్చుంది. డబ్బా తీసేసి లోపలి డిస్క్ ఒక్కదానితో పెడితే శుభ్రంగా లేచింది. దాని వెనక నేను కొన్న పాత జిప్ డ్రైవ్ తగిలించినా లేచింది. అంటే గొడవంతా ఆ డబ్బాతోనే. ఇలాంటప్పుడు మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడాలనిపిస్తుంది. దయచేసి చేయకండి. రెండు డిస్కులు కొట్టుకుంటున్నప్పుడు వాటి మీద ఏదైనా రాయడం జరిగితే ఉన్న ఫైళ్లు కూడా పాడవ్వచ్చు.

ఎందుకు కొట్టుకుంటాయో చెప్తా. అప్పటి స్కజీ తీగల్లో డేటా కోసం 8 లైన్లుంటాయి. ఒక్కో పరికరానికి ఒక్కో లైను, అంటే 0 నుంచి 7 దాకా నంబర్లు. 7 మాక్‌ది, 0 లోపలి డిస్క్‌ది, సీడీ డ్రైవ్ ఉంటే మామూలుగా 3. మాక్‌కి ఎవరితో పని ఉంటే వాళ్ల లైన్ మీద సిగ్నల్ ఇస్తుంది, ఆ నంబరు పరికరం 'ఉన్నా' అంటుంది. క్లాసులో ఇద్దరికి ఒకే రోల్ నంబర్ ఉందనుకోండి. మాస్టారు పిలవగానే ఇద్దరూ 'ప్రెజెంట్ సార్' అని లేచి, ఇద్దరూ ఒకేసారి పాఠం అప్పజెప్తారు. మాస్టారికి ఒక్క ముక్కా అర్థం కాదు.

కానీ ఇక్కడో తిరకాసు. డబ్బా వెనక చిన్న నంబర్ స్విచ్ ఉంది. అది 4 చూపిస్తోంది. జిప్ డ్రైవ్‌కి 5 పెట్టాను (దానికి 5, 6 తప్ప వేరే నంబర్ ఉండదు). లెక్కప్రకారం ఎవరితో ఎవరికీ పేచీ ఉండకూడదు. మరి?

మూడు స్క్రూలు విప్పితే సంగతి తెలిసింది. స్విచ్ నుంచి వచ్చే సన్న తీగలు డిస్క్‌కి తగిలించి లేవు, గాల్లో వేలాడుతున్నాయి! బాబాయ్‌ని అడిగితే అసలు కథ బయటికొచ్చింది. ఆ డిస్క్ ఇంకో మాక్ లోపల ఉండేదట. ఆ మెషిన్ పోతే డిస్క్ తీసి డబ్బాలో పెట్టించారు. ఈలోగా ప్రెస్సు మొత్తం విండోస్‌కి మారిపోయింది, దీన్ని మళ్లీ ఎవరూ పట్టించుకోలేదు. లోపలి డిస్క్‌గా పుట్టింది కాబట్టి దాని నంబరు ఇప్పటికీ 0. బయట స్విచ్ ఎంత చూపిస్తే దానికేంటి?

డిస్క్ మీద నంబర్ కోసం మూడు జతల పిన్నులుంటాయి. వాటి విలువలు 4, 2, 1. వేటి మీద జంపర్ పెడితే వాటి మొత్తమే నంబరు. ఏదీ లేకపోతే సున్నా. ఏ జత దేనిదో కంపెనీని బట్టి మారుతుంది, అందుకే మోడల్ నంబర్‌తో వెతికి పాత మాన్యువల్ పట్టాను. 4 జత మీద ఒక జంపర్. మూతపెట్టి, ముందు డబ్బాని, జిప్‌ని, ఆఖర్న మాక్‌ని ఆన్ చేశాం (స్కజీలో ఆ వరస ముఖ్యం, కరెంట్ ఉండగా తీగ పీకడం అసలు వద్దు). స్క్రీన్ మీద రెండో డిస్క్ బొమ్మ వచ్చింది. బాబాయ్ విజిలేశాడు.

సంబరం పది నిమిషాలే. చిన్న ఫైళ్లు జిప్‌లోకి కాపీ అవుతున్నాయి, పుస్తకం ఫైల్ దగ్గరకొచ్చేసరికి మధ్యలో బిగుసుకుపోతోంది. మేకను బలిస్తే గానీ స్కజీ పనిచేయదని పాత ఇంజనీర్లు జోకేసేవాళ్లట. మా ఊరి పోలేరమ్మకి మొక్కుకోవాలేమో అనిపించింది నాకైతే.

ఇది నంబర్ల గొడవ కాదు, చివర్ల గొడవ. స్కజీ తీగకి రెండు చివర్లా టెర్మినేటర్ అనే రెసిస్టర్ల కట్ట ఉండాలి. లేకపోతే పంటకాలువ నీళ్లు గట్టుకి కొట్టుకుని వెనక్కి వచ్చినట్టు సిగ్నల్ వెనక్కి తిరిగొచ్చి అసలు డేటాని కలగాపులగం చేస్తుంది. రెండు చివర్లా అంటే రెండే. మా వరసలో ఒక చివర లోపలి డిస్క్, ఇంకో చివర జిప్. రెంటికీ టెర్మినేటర్లున్నాయి. మధ్యలో ఉన్న డబ్బా డిస్క్‌కి కూడా పాత అలవాటుగా మూడు చిన్న పసుపు కట్టలు గుచ్చి ఉన్నాయి. మూడోచోట అవి ఉంటే లైన్ల మీద భారం పెరిగి సిగ్నల్ నీరసిస్తుంది. చిన్న ఫైల్ ఎలాగో గట్టెక్కుతుంది, పెద్దది మునుగుతుంది.

ఆ మూడు కట్టలూ ఏ దిక్కుకి ఉన్నాయో ముందు ఫోన్‌లో ఫొటో తీసుకున్నా. మళ్లీ పెట్టాల్సొస్తే తిరగేసి పెట్టకూడదు కదా. మెల్లగా పీకి, చిన్న కవర్లో వేసి, డబ్బాకి టేపుతో అంటించాను. ఈసారి కాపీ ఆగలేదు. ఫాంట్లు కూడా తీశాం. అవి లేకపోతే ఆ కాలం తెలుగు ఫైల్ తెరిస్తే కనిపించేది పిచ్చి గుర్తులే.

యుఎస్‌బి జిప్ డ్రైవ్ ఒకటి అరువు తెచ్చి లినక్స్ లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ఇప్పటి మాక్‌లు ఆ పాత డిస్క్ ఫార్మాట్‌ని చదవవు. ఫైళ్లు మూడుచోట్ల దాచాను. ఇప్పుడు ఆ పాత ఫాంట్ అక్షరాల్ని యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. గుణింతాలు బాగానే వస్తున్నాయి, ఒత్తులే ఏడిపిస్తున్నాయి. 'అమ్మ'లో మ ఒత్తు ప్రతిసారీ పక్క అక్షరం కిందకి జారిపోతోంది. అందుకే ఒక్కో పాటా అమ్మమ్మకి చదివి వినిపిస్తున్నాను. తేడా ఉన్నచోట ఆవిడ ఆపి, పాడి చూపిస్తోంది. నిన్నటికి పదకొండు పాటలయ్యాయి.